మామి దాచిన తోడు

మొన్న మూడో పీరియడ్‌లో, చిత్తూరులో మా డిగ్రీ కాలేజీ పిల్లలకు కణత్వచం పాఠం చెబుతుంటే జేబులో ఫోను అదే పనిగా కదలసాగింది. నాలుగోసారి తీశాను. తిరుపతిలో నాతోపాటు పరిశోధన చేసిన స్నేహితుడు, నగరి వాడు.

"మామి పోయిందప్పా," అన్నాడు. "పొద్దున పూజకు పూలు కోస్తా కూలబడిందంట. గుండె."

ఏ మామి అని నేను అడగలేదు. మా ఇద్దరికీ మామి అంటే ఒక్కతే. విశ్వవిద్యాలయంలో మా జీవరసాయన శాఖ ల్యాబ్‌లో అటెండరు. పిల్లలను చదువుకోమని చెప్పి బయటికొచ్చి వరండాలో నిలబడ్డాను. రేపు పొద్దున్నే ఆమె ఇంటికి పోదామని ఇద్దరం అనుకున్నాం.

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. ప్రొఫెసర్లకూ మామే, ఐదేళ్లుగా థీసిస్ రాస్తున్న ముదురు విద్యార్థులకూ మామే. ఆమె మాత్రం మమ్మల్ని పేర్లతో పిలిచేది కాదు. ఎవరి ఊరితో వాళ్లను పిలిచేది. "ఏం నగరీ, నిన్న ఆ ఫ్లాస్కు యాడ పెట్టినావు?" "పలమనేరూ, నీ కోటు ఉతికి ఎన్ని దినాలైంది?" నేను పూతలపట్టు. పేర్లు ఎందుకు పలకరు మామీ అంటే, "పేర్లు మర్చిపోతానప్పా. ఊర్లైతే బస్సు బోర్డు మాదిరి గుర్తుంటాయి," అనేది.

గుడిలో పారాయణం చేసే వైష్ణవ కుటుంబం ఆమెది. వాళ్ల ఇళ్లలో అత్తను మామి అంటారు. భర్త విశ్వవిద్యాలయంలో గుమాస్తాగా ఉంటూ పోతే, ఆ ఉద్యోగానికి బదులుగా ఈమెకు అటెండరు పని ఇచ్చారు. నుదుట ఎర్రటి శ్రీచూర్ణం, నూలు చీర, చీర మీద మోకాళ్ల దాకా వేలాడే ఖాకీ కోటు. తాగే నీళ్లు ఇంటినుంచి మూత ఉన్న చెంబులో తెచ్చుకునేది. ల్యాబ్‌లో పచ్చి నీళ్లయినా ముట్టేది కాదు. కానీ అదే చేతులతో రోజంతా మా బాక్టీరియా పెరిగిన ఫ్లాస్కులను తోమేది.

తోమడమంటే మామూలు తోమడం కాదు. కడిగిన ఫ్లాస్కును కిటికీ వెలుతురుకు ఎత్తి చూసేది. లోపలి గోడ మీద నీళ్లు పలచగా పరుచుకుని జారిపోతే సరే. ఎక్కడైనా చుక్క నిలబడిందా, "ఇంకా జిడ్డుండాది," అని మళ్లీ సబ్బు నీళ్లలో ముంచేది. ఒకసారి కొత్తగా చేరిన అమ్మాయి, చాల్లే మామీ అంటే, "నీ లెక్క తప్పితే నువ్వు మళ్లీ చేస్తావు. ఫ్లాస్కు జిడ్డుగా ఉండి లెక్క తప్పితే, తప్పు యాడుండాదో కూడా నీకు తెలీదు," అంది. ఆ మాట చెప్పడానికి ఆమె బీయస్సీ చదవలేదు. ఎస్సెల్సీతో ఆగింది.

వాడేసిన కల్చర్లను, అంటే మేం పెంచిన బాక్టీరియాను, ఆవిరిలో ఉడికించి చంపే పెద్ద పాత్ర ఒకటి ల్యాబ్ మూలన ఉండేది. దాన్ని ఆమె కుక్కరు అనేది. మూత బిగించే ముందు కళ్లు మూసుకుని "గోవిందా" అనుకునేది. "రోజూ కోట్ల లెక్కన చంపుతాం కదా మామీ, ఒక్క గోవిందా సరిపోతుందా?" అన్నానొకసారి.

"చంపేది నువ్వు. నేను మూత పెట్టేదాన్నే," అంది. "అయినా ఒక మాట చెప్పి పెడితే నా సొమ్మేం పోయిందప్పా?"

నా పరిశోధన ఒక బాక్టీరియా మీద. తియ్యటి ద్రవంలో వేసి కదపకుండా వదిలేస్తే, వారం తిరిగేసరికి పైన తెల్లటి పొర కడుతుంది. లేత కొబ్బరి మీగడలా ఉంటుంది గానీ చేత్తో లాగితే చిరగదు. అది అచ్చమైన సెల్యులోజ్. పత్తిలో ఉండేది, కాగితంలో ఉండేది అదే. మా గైడు సార్ వయసులో ఉన్నప్పుడు పూతలపట్టు పక్కన ఒక బెల్లం గానుగ దగ్గర, పారబోయకుండా మరిచిపోయిన చెరుకు రసం కుండలోంచి ఆ బాక్టీరియాను తెచ్చారు. వేరే ల్యాబుల్లో ఉన్న వాటికంటే ఇది మందమైన పొర కడుతుంది. అందుకే సార్‌కు అదంటే ప్రాణం. మామి అయితే, "మీ ఊరి పురుగే కదప్పా. బాగా చూసుకో," అని నన్ను ఆటపట్టించేది.

ఆ పొర ఎట్లా పుడుతుందో చెప్పమని ఒక మధ్యాహ్నం ఆమే అడిగింది. స్టూలు మీద కూర్చుని పిప్పెట్లకు దూది పెడుతూ వింది.

"కణం చుట్టూ సన్నటి కొవ్వు పొర ఉంటుంది మామీ," అని మొదలుపెట్టాను. "ఆ పొరలో, ఇటు నుంచి అటు దాకా ఒక ఎంజైమ్ దిగబడి ఉంటుంది. కణం లోపలి వైపున గ్లూకోజును ఒక్కొక్కటిగా పట్టుకుని దారం చివర అతికిస్తుంది. ఒకటి అతికించినప్పుడల్లా దారం రవ్వంత బయటికి జరుగుతుంది. దాని ఒంట్లోనే సన్నటి దారి ఉంది, దాంట్లోంచి జరుగుతుంది. అట్లా వేల గ్లూకోజులు అతుక్కుని పొడుగాటి దారం అవుతుంది. బయటికొచ్చిన దారాలు పక్కపక్కన చేరి గట్టిపడితే, అదే పైన తేలే పొర."

"అయితే మురుకుల గొట్టం మాదిరి," అంది.

"అచ్చం అంతే మామీ," అన్నాను.

మరునాడు రాగానే, కోటు కూడా తొడుక్కోకముందే నా బల్ల దగ్గరికొచ్చింది. "కాదప్పా. నిన్న నేను చెప్పింది తప్పు. వంట చేస్తా ఆలోచించినాను. మురుకుల గొట్టంలో పిండి మనం ముందే కలిపి పోస్తాం. గొట్టం ఒత్తేదే కదా. నువ్వు చెప్పినదాంట్లో ఆడ కలిపిన పిండి యాడుండాది? కలిపేదీ అదే, ఒత్తేదీ అదే. రెండు పనులూ ఒకే తూరి చేస్తా ఉండాది."

నేను నోరు తెరిచి చూశాను. ఆ ఎంజైమ్ గురించి తెలుసుకోవలసిన ముఖ్యమైన సంగతి అదే. దారం నేయడం, బయటికి తొయ్యడం దానికి రెండు వేర్వేరు పనులు కావు. ఆ వారం సెమినార్‌లో మురుకుల గొట్టం తేడా చెబితే అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. అది మామి మాట అని నేను చెప్పలేదు. చెప్పాలని తోచలేదు కూడా.

నాకున్న చిక్కు వేరు. ఆ ఎంజైమ్‌ను కణత్వచంలోంచి, అంటే ఆ కొవ్వు పొరలోంచి, బయటికి తీస్తే పని మానేస్తుంది. అందుకని త్వచంతో సహా తీసి పరీక్షించాలి. దానికి బాక్టీరియా బోలెడు కావాలి. కదపకుండా పెంచితే కణాలన్నీ ఆ తెల్ల పొరలోనే చిక్కుకుపోతాయి, చేతికి రావు. అదే ఫ్లాస్కును ఊపే యంత్రం మీద పెడితే పొర కట్టకుండా కణాలు నీళ్లలో విడివిడిగా, బాగా పెరుగుతాయి. నా ఫెలోషిప్ ఆఖరి సంవత్సరంలో పడింది. ఊపడం మొదలుపెట్టాను.

మామి రెండు రోజులు చూసి ఊరుకుంది. మూడో రోజు యంత్రం పక్కన నిలబడి, "కదిలిస్తే తోడుకోదప్పా," అంది.

"ఇది పెరుగు కాదు మామీ."

"పెరుగు కాదని నాకూ తెలుసు. ఇన్నేండ్లు దీన్ని గమ్మున పెట్టే పెంచినాము. పాల గిన్నెలో తోడేసినాక ఎవురన్నా ఊపుతారా?"

పక్కనున్న వాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

అసలు కల్చరును చిన్న గాజు గొట్టాల్లో ఫ్రిజ్‌లో దాచేవాళ్లం. నెలనెలా దాన్ని కొత్త గొట్టాల్లోకి మార్చాలి. ఆ పని ఎప్పటినుంచో మామి చేసేది. ఆ నెలనుంచి నేనే చేస్తానన్నాను. ఊపి పెంచిన ఫ్లాస్కులోంచే కొత్త గొట్టాలు నింపాను. ఫ్రిజ్‌లో చోటు లేదని పాతవన్నీ బుట్టలో వేసి కుక్కరులో పెట్టమని ఆమెకిచ్చాను.

"పాతవి రొండు ఉండనీప్పా," అంది.

"యాడ పెట్టేది మామీ? చోటేది?"

ఆమె బుట్ట తీసుకుపోయింది. గోవిందా అనడం వినిపించింది.

ఏడు నెలలు గడిచాయి. మొదట్లో లెక్కలు బాగా వచ్చాయి. తర్వాత ఎంజైమ్ పని కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చింది. ద్రావణాలు మార్చాను, ఉప్పు మార్చాను, యంత్రాన్ని అనుమానించాను. చివరికి ఒక ఫ్లాస్కును కదపకుండా పెట్టి వారం చూశాను. పొర కట్టలేదు. పది రోజులు చూశాను. ద్రవం మబ్బుగా ఉంది గానీ పైన ఏమీ లేదు. ఫ్రిజ్‌లోని గొట్టాలన్నీ ఒక్కొక్కటే తీసి పెట్టి చూశాను. ఒక్కటి కూడా పొర కట్టలేదు.

అప్పుడు పుస్తకాలు తిరగేస్తే తెలిసింది. దారం తియ్యడానికి కణం తను తిన్న గ్లూకోజులో చాలా భాగం ఖర్చు పెడుతుంది. కదపని ఫ్లాస్కులో ఆ ఖర్చుకు ఫలితముంది. పొరతోపాటు పైకి తేలితే గాలి అందుతుంది. ఊపే ఫ్లాస్కులో అందరికీ గాలి ఊరికే అందుతుంది. అక్కడ ఏ కణమైనా దారం తియ్యడం మరిచిపోయి పుడితే, ఆ మిగిలిన గ్లూకోజుతో అది మిగతావాటికంటే తొందరగా పెరుగుతుంది. కొన్నాళ్లకు ఫ్లాస్కు నిండా అవే ఉంటాయి. నేను ఏడు నెలలు శ్రద్ధగా పెంచింది వాటినే. అసలువాటిని నా చేతులతోనే కుక్కరుకు పంపాను.

ఆ తర్వాత మూడు వారాలు నేను తిన్న అన్నం ఒంటికి పట్టలేదు. సార్ కోపిష్టి. నాకంటే ముందున్న ఒక విద్యార్థిని ఇలాంటి అజాగ్రత్తకే పంపించేశారని విన్నాను. ఇంట్లో నాయన చెరుకు తోటలో ఉంటూ, నా కొడుకు డాక్టరు అవుతాడని, ఏ డాక్టరో సరిగా తెలియకపోయినా, అందరికీ చెప్పుకుంటున్నాడు. నేను ఎవరికీ చెప్పలేదు. ల్యాబ్‌లో ఒకే చోట కూర్చుని ఖాళీ ఫ్లాస్కు వైపు చూసేవాణ్ణి. మామి అటూ ఇటూ పోతూ చూసేది. ఒకరోజు దగ్గరికొచ్చి ఫ్లాస్కును వెలుతురుకు ఎత్తింది.

"తోడుకోలేదా?"

నేను తల అడ్డంగా ఊపాను. ఏడుపొచ్చింది.

మరునాడు ఆమె సంచిలోంచి, పాత తెల్ల పంచె ముక్కలో చుట్టిన ఊరగాయ సీసా ఒకటి తీసి నా ముందు పెట్టింది. సీసా నోటి దగ్గర, దాని చుట్టుకొలతకు సరిపోయినట్టు, వేలి మందాన తెల్లటి పొర తేలుతోంది.

"ఆ దినం నువ్విచ్చిన బుట్టలోంచి ఒక గొట్టం తీసిపెట్టుకున్నాను," అంది. "గుడి ముందర కాయలు కొట్టేచోట కొబ్బరినీళ్లు పట్టుకొచ్చి, రొంత చక్కెరేసి దాంట్లో పెట్టినాను. పదైదు దినాలకొకసారి నీళ్లు మార్చినాను. పెరట్లో గూట్లో పెట్టినాలే, వంటింట్లోకి రానీలా. తాకినప్పుడంతా తానం చేసినాను." పంచె ముక్క మడుస్తూ, "నిండా తానాలైనాయి," అని నవ్వింది.

నేను వంగి ఆమె కాళ్లు పట్టుకోబోతే, "లెయ్యప్పా, ల్యాబులో ఏంది ఇది," అని వెనక్కి జరిగింది.

కథ అక్కడితో ముగిసి ఉంటే నేనిది సంతోషంగా రాసేవాణ్ణి.

కొబ్బరినీళ్లలో పెరిగిన ఆ కల్చరులో కొంచెం ఈస్ట్ కూడా చేరింది. దాన్ని వేరుచెయ్యాలి. నేను ఆ పనిలో ఉండగా సార్ వచ్చి నా మైక్రోస్కోపులోకి తొంగిచూశారు.

"ఈస్ట్ ఎక్కడిది?" అన్నారు.

"కల్చరు మామి ఇంట్లో ఉండింది సార్. కొబ్బరినీళ్లలో పెట్టింది."

"ఇంట్లోనా? మన కల్చరు ఆమె ఇంటికెందుకు పోయింది? ల్యాబ్‌లో ఉన్నదేమైంది?"

"అది... పాడైపోయింది సార్."

నేను అన్న ప్రతి ముక్కా నిజమే. సార్ ఆ ముక్కలను తనకు తోచినట్టు కలుపుకున్నారు. నెలనెలా గొట్టాలు మార్చే అటెండరు, అసలు కల్చరును ఇంటికి పట్టుకుపోయింది, ల్యాబ్‌లోదాన్ని పాడు చేసింది. ఆయన ముఖంలో ఆ లెక్క కుదురుకోవడం నాకు కనపడింది. కాదు సార్ అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణం వచ్చింది, ఎదురుగా నిలబడింది, పోయింది. ఆయన గబగబా తన గదిలోకి పోయారు.

రెండు రోజుల తర్వాత, పరీక్షల విభాగానికి మారుస్తున్నామని ఆఫీసునుంచి మామికి మెమో వచ్చింది. ఆమె సింకు దగ్గర చేతులు తుడుచుకుని, నిలబడే చదివింది. ఇంగ్లీషు కూడబలుక్కుని చదివేది. ఒక చోట ఆగి, కాగితం నా దగ్గరికి తెచ్చి ఒక మాట మీద వేలు పెట్టింది.

"ఈ మాటకు అర్థం ఏంది పూతలపట్టూ?"

చూశాను. నెగ్లిజెన్స్.

"అజాగ్రత్త మామీ," అన్నాను.

ఆమె నా వైపు చూసింది. చాలాసేపు అనిపించింది నాకు, బహుశా అంతసేపు కాదేమో. తర్వాత బల్ల మీదున్న నా పెన్నే తీసుకుని, కింద సంతకం పెట్టింది. ఆ సాయంత్రం ఖాకీ కోటు మడిచి కుర్చీ వీపుకు వేసి, చెంబు సంచిలో పెట్టుకుని, పరీక్షల విభాగానికి మారిపోయింది.

నేను ఈస్ట్‌ను వేరుచేశాను. కల్చరు శుద్ధిగా వచ్చింది. ఈసారి ఊపలేదు. పెద్ద ట్రేలలో కదపకుండా పెంచి, పొరను కరిగించే ఎంజైమ్ వేసి కణాలను విడిపించాను. లెక్కలు కుదిరాయి. మామి ఉండే భవనం ముందునుంచి పోకుండా క్యాంటీనుకు చుట్టుదారి పట్టేవాణ్ణి. కొత్తగా వచ్చిన అటెండరు ఫ్లాస్కులు కడిగితే చుక్కలు నిలబడేవి. నేనే మళ్లీ కడుక్కునేవాణ్ణి.

థీసిస్ బైండింగ్ చేయించి ఇవ్వాల్సింది పరీక్షల విభాగంలోనే. ఇంకెవరైనా ఉంటారేమోనని తలుపు దగ్గర ఆగి చూశాను. ఆమె ఒక్కతే ఉంది. ప్రతుల మీద ముద్ర వేసి కట్టలు కట్టడం ఆమె పని.

"రాప్పా," అంది. ప్రతులు తీసుకుని పైదాన్ని తెరిచింది. కృతజ్ఞతల పేజీ దగ్గర ఆగి, పైనుంచి కిందికి వేలు జరుపుతూ పోయింది. సార్ పేరు. మిగతా ప్రొఫెసర్లు. నాయన, అమ్మ. నగరి, పలమనేరు, వాళ్ల అసలు పేర్లతో. వేలు పేజీ అడుగుకు చేరింది.

"దీంట్లో నేను యాడుండాను?"

ఆఖరి వాక్యం చూపించాను. శాఖలోని బోధనేతర సిబ్బందికి కూడా నా కృతజ్ఞతలు, అని ఉంది.

"ఇదేనా?"

"ఆ."

"సరే," అంది. పుస్తకం మూసి, ముద్ర అద్దింది. నాలుగు ప్రతుల మీదా నాలుగుసార్లు అద్దింది. రసీదు చించి ఇచ్చింది. ఆమె గొంతులో కోపం లేదు. అది ఉండి ఉంటే నేను తప్పించుకుపోయేవాణ్ణేమో.

వైవా రోజున మా శాఖ హాలు నిండుగా ఉంది. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు పెద్దమనిషి, నెమ్మదిగా మాట్లాడాడు. ఎంజైమ్ మీద చాలా అడిగాడు. ఆఖరున, మామూలుగా, "ఈ కల్చరు తొందరగా గుణం మారిపోతుందంటారు కదా, ఇన్నేళ్లు మీరెలా కాపాడుకున్నారు?" అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు నా థీసిస్‌లో రెండు వాక్యాల్లో ఉంది. అదే చెప్పడానికి నోరు తెరిచాను.

"నేను కాపాడలేదు సార్," అన్నాను. "పోగొట్టాను."

ఊపడం దగ్గర్నుంచి మొత్తం చెప్పాను. పాత గొట్టాలు చంపమని ఇచ్చింది నేనని, వద్దన్నది ఆమె అని, ఒకటి దాచి ఏడు నెలలు ఇంట్లో బతికించింది ఆమె అని, దానికి మెమో వచ్చిందని, ఆ మెమోలో మాటకు అర్థం ఆమెకు నేనే చెప్పానని. సార్ వైపు చూడలేదు. మురుకుల గొట్టం మాట కూడా ఆమెదే అని చెప్పినప్పుడు, వెనక వరసలో నగరి తల దించుకున్నాడు.

పరీక్షకుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆమె ఇక్కడున్నారా?" అని అడిగాడు. లేదని ఎవరో చెప్పారు. డాక్టరేటు ఇవ్వమనే రాశాడు. అది నాకు గొప్పగా అనిపించలేదు.

అందరూ టీకి పోయాక సార్ నన్ను ఆపారు. అరుస్తారనుకున్నాను. "ఆ రోజే చెప్పి ఉంటే తిట్టి ఉండేవాణ్ణి," అన్నారు. "అంతే కదా?" ఆయన మెట్లు దిగి పరీక్షల విభాగం వైపు నడిచారు. నేను వెనకే పోయాను.

"అమ్మా, మీ మెమో వెనక్కి తీసుకుంటున్నాను. సోమవారం నుంచి ల్యాబ్‌కు రండి," అన్నారు సార్, నిలబడే.

మామి లేచి నిలబడింది. "సోమవారం ఏకాదశి ఉపవాసం సార్. మరుసటి దినం పారణ చేసుకోని, బుధవారం వస్తాను."

బుధవారం వచ్చింది. కోటు తొడుక్కుని, కడిగి బోర్లించిన ఫ్లాస్కుల్లో ఒకటి కిటికీకి ఎత్తి చూసి, నిట్టూర్చి, అన్నీ మళ్లీ సబ్బు నీళ్లలో వేసింది. మధ్యాహ్నం దాకా అదే పని. నేను పక్కన నిలబడి కడిగినవి అందుకుంటూ ఉన్నాను. చివరికి అడిగాను.

"మామీ, మెమో వచ్చిన రోజు మీరెందుకు చెప్పలేదు? సార్ దగ్గరికి పోయి, ఇది చేసింది వీడు అని ఒక్క మాట అనుంటే..."

ఆమె చేతిలో ఫ్లాస్కు తిప్పుతూనే ఉంది. "నన్ను అడిగిందెవురప్పా?" అంది. "సార్ అడగలా. ఆఫీసోళ్లు అడగలా. సంతకం పెట్టమన్నారు, పెట్టినాను. అడిగింటే చెప్పింటాను." ఆ తర్వాత, గొంతు తగ్గించి, "నువ్వు చెప్తావని చూసినాను. మూన్నెల్లు చూసినాను. తర్వాత చూడడం మానేసినాను," అంది.

ఆ పైన ఇంకో ఫ్లాస్కు తీసుకుంది.

తర్వాత ఆమె నాతో మామూలుగానే ఉంది. చిత్తూరులో ఉద్యోగం వచ్చిందని చెబితే ఆశీర్వదించింది. ఆమె పదవీ విరమణ రోజున పోయి దండ వేశాను. అప్పుడప్పుడు తిరుపతి పోయినప్పుడు కలవాలనుకుని, కలవలేదు. మా మధ్య సంగతి తేలిపోయిందని నాకు నేను చెప్పుకున్నాను.

ఫోను వచ్చిన మరునాడు పొద్దున బస్సుకు పోయాను. నగరి నన్ను తిరుపతి బస్టాండులో కలిశాడు. గుడి వెనక వీధిలో చిన్న ఇల్లు. జనం పలచబడ్డారు. ఆమె కూతురు, బడిలో టీచరు, వరండాలో చాప వేసి మమ్మల్ని కూర్చోబెట్టింది. పరిచయం చేసుకున్నాం.

"పూతలపట్టు మీరేనా?" అంది నన్ను చూసి. "అమ్మ చెప్పేది. కష్టపడి చదివే పిల్లోడని." మంచినీళ్లు తెచ్చిచ్చి, "అమ్మకు ఆ ల్యాబంటే నిండా ఇష్టం అన్నా. ఒకసారి మాత్రం తనే అడిగి వేరేచోటికి మార్పించుకునింది. ఆ మందుల వాసన పడలేదంట. ఒక ఏడాది ఉండి, మళ్లీ పొయ్యింది," అంది.

నగరి నా వైపు చూశాడు.

తనే అడిగి మార్పించుకున్నానని ఇంట్లో చెప్పుకుంది. అజాగ్రత్త అని రాసిన కాగితం మీద సంతకం పెట్టి వచ్చి, పిల్లలకు వాసన పడలేదని చెప్పింది. నేను హాలు నిండా మనుషుల ముందు ఒప్పుకున్నానని ఇన్నేళ్లూ లోలోపల కొంచెం గర్వపడ్డాను. సాయంత్రమైతే ఆమె ముఖం చూపించాల్సింది ఈ ఇంట్లోవాళ్లకు, ఆ హాలులో ఉన్నవాళ్లకు కాదు. ఈ ఇంటికి రావాలని నాకు తట్టనేలేదు.

"ఆమె అడగలేదమ్మా," అన్నాను. "నా వల్ల మార్చినారు."

చెప్పాను. పెరట్లో గూడు, కొబ్బరినీళ్లు, తానాలు అన్నప్పుడు కూతురు చేత్తో నోరు మూసుకుంది. "ఆ సీసా ఏందని ఎన్ని తూర్లు పోట్లాడినానో," అంది. "చెప్పలేదు."

నేను తల వంచుకుని కూర్చున్నాను.

"ఈ మాట అమ్మ ఉన్నప్పుడు వచ్చి, మా ముందర చెప్పుంటే బాగుండేది కదన్నా," అంది మెల్లగా.

"బాగుండేదమ్మా."

ఆమె కళ్లు తుడుచుకుని లేచింది. వెళ్లిపొమ్మంటుందనుకున్నాను. లోపలికి పోయి, మామి కొడుకును, కోడలిని పిలుచుకొచ్చి, చాప మీద చోటు చూపించింది.

"మొదట్నుంచి చెప్పండి," అంది నాతో. "వీళ్లు కూడా వినాల."

మొదటినుంచి చెప్పాను.